వాల్దెరాద పాటలో ఒకరు తక్కువ

ఇటలీ కొండల్లోని రోక్కాస్పీనా మఠంలో ఏ తగువు తేలాలన్నా చిక్కుడు గింజలే తేల్చాలి. తెల్ల గింజ వేస్తే అవును, నల్ల గింజ వేస్తే కాదు. కొత్త మఠాధిపతిని ఎన్నుకోవాలన్నా, వానకు కూలిన గోడ కట్టించాలన్నా అందరూ వరసగా వచ్చి గుడ్డసంచిలో చెయ్యి పెట్టి గింజ జారవిడిచేవారు. ఆ గింజల్ని ఏరి, పుచ్చులు తీసేసి, రెండు గిన్నెల్లో పోసి పంపేది వంటింటి సిస్టర్ ఫెర్మీనా. గింజలు ఆవిడవే గాని ఓటు మాత్రం ఆవిడకు లేదు. నల్లముసుగు వేసుకుని గుడిలో లాటిన్ పాడే మదర్లకే ఓటు. తెల్లముసుగు సిస్టర్లు వంటా, కోళ్ళూ, కట్టెలూ, చాకిరేవూ చూసుకుంటూ, తమకు వచ్చిన నాలుగు ప్రార్థనలు గొణుక్కుంటూ గిన్నెలు తోముకోవాలి. దేవుడి ఇంట్లో కూడా పంక్తిభేదం ఉంటుందా అని అడక్కండి. ఉండేది.

ఆ ఏడు ఈస్టర్ వెళ్ళాక రోమ్ నుంచి కొత్త కబురు దిగింది. ఇకనుంచి తెల్లముసుగులకూ ఓటుంది, గుడి వరసల్లో చోటూ ఉంది. దాని వెనకే ఇంకో కబురు: పాటలు లాటిన్‌లోనే ఉంచుకుంటారో, ఇటాలియన్‌లోకి మార్చుకుంటారో మఠంలో వాళ్ళే తేల్చుకోవచ్చు. మిగతా పాటల సంగతి ఎలా ఉన్నా, ధన్యురాలు వాల్దెరాద పాట దగ్గర అందరికీ పీటముడి పడింది. వాల్దెరాద ఆ మఠాన్ని నిలిపిన తల్లి. మఠం తగలబడుతుంటే ఒక సోదరిని కాపాడబోయి ప్రాణం విడిచిందని పిల్లలకు కూడా తెలుసు. ఆమె పండుగ రోజు పాడే ఆ లాటిన్ పాట ఇంకే ఊళ్ళోనూ లేదు. దాన్ని మారుస్తారా, ఉంచుతారా అన్నదానిమీద సెప్టెంబరు ఆఖర్లో గింజలు వేద్దామని మఠాధిపతి మదర్ ఔరేలియా ప్రకటించింది.

"నేను వెయ్యను," అంది ఫెర్మీనా, సభలో మొట్టమొదటిసారి నోరు తెరిచి.

"ఏం? ఇన్నాళ్ళకి ఓటొస్తే వద్దంటావేంటి?" అంది మఠాధిపతి.

"వద్దనట్లేదమ్మగారూ. ఆ పాట ఏం చెబుతుందో నాకు తెలవదు. రుచి చూడకుండా ఉప్పు సరిపోయిందని ఎట్టా చెప్పమంటారు?"

నల్లముసుగుల్లో ఇద్దరు ముగ్గురు నవ్వు ఆపుకున్నారు. ఫెర్మీనాకు మాత్రం అది నవ్వులాట కాదు. పెళ్ళీడులో ఆ మఠానికి వచ్చింది. ఇప్పుడు చేతులమీద నరాలు తేలాయి. ఏటా ఆ పండుగ సాయంత్రం వంటింటి కిటికీలోంచి ఆ పాట వచ్చేది. పాట నడుమ ఒకచోట గొంతులన్నీ కిందికి దిగి, కాసేపు ఆగి, మళ్ళీ లేచేవి. సరిగ్గా అక్కడ ఫెర్మీనాకు కళ్ళు నిండేవి. ఎందుకో తెలియదు. ఉల్లిపాయల మీదకు నెట్టేసి ఊరుకునేది. ఆ పాట పోయేలోపు అదేమిటో తెలుసుకోవాలి, లేకపోతే ఇన్నేళ్ళూ దేనికి ఏడ్చినట్టు?

"నేను నేర్పుతాను," అంది మదర్ ఇల్దెగార్ద.

అందరూ అటు తిరిగారు. పాటలు నడిపే పెద్దావిడ ఇల్దెగార్ద. మనిషి ఎండుకర్ర, గొంతు మాత్రం గంట. లాటిన్ పోతుందన్న బెంగతో అప్పటికే మనిషి సగమైపోయింది. అందుకే ఓటు కోసం వంటావిడను దువ్వుతోందని వెంటనే గుసగుసలు పుట్టాయి.

ఆ గుసగుసలు విన్నట్టే ఉంది, మొదటిరోజు వంటింట్లోకి వచ్చి ముక్కాలిపీట మీద కూర్చుని ఇల్దెగార్ద ముందే చెప్పేసింది. "పాట అర్థం నేను చెప్పను. నేను చెబితే అది నా మాటవుతుంది, నీ ఓటు నాదవుతుంది. మాటలు విప్పడం నేర్పుతాను. విప్పుకోవడం నీ పని."

"విప్పడమేంది మదర్‌గారూ, మాటలేమన్నా మూటలా?"

"మూటలే. నీ మేకను తీసుకురా."

మేక పేరు బెఫ్ఫానా. దానికి మఠం నియమాలేవీ పట్టవు. ఇల్దెగార్ద పెరటి గుమ్మంలో నిలబడి ఫెర్మీనా చేత తాడు పట్టించింది. "దూక్సిత్. అంటే నడిపించింది. ఒక్క మాట, అంతే. ఇప్పుడు దాన్ని బయటికి నడిపించు. అది ఎదూక్సిత్. లోపలికి తీసుకురా. ఇందూక్సిత్. వెనక్కి. రెదూక్సిత్. ఆ మెట్లు దింపు. దెదూక్సిత్. కాలవ దాటించి అవతలికి తీసుకెళ్ళు."

"అది దాటదమ్మా. నీళ్ళంటే దానికి చచ్చేంత భయం."

"లాగు. దాటిందా? త్రదూక్సిత్."

వరండాలో కట్టెలు పేరుస్తున్న సిస్టర్ అఞ్ఞేసె ఇదంతా చూసి నడుం మీద చెయ్యి వేసుకుంది. ఫెర్మీనా కంటే బాగా పెద్దది, ఒక చెవి వినపడదు కాబట్టి ఊరంతా వినేట్టు మాట్లాడుతుంది. "ఫెర్మీనా, మేకకి లాటిన్ వచ్చేసినట్టుందే. నీకెప్పుడొస్తదో."

"ముందు మేకకి రానీ అక్కా, తర్వాత నాకు అదే చెబుతది."

తడిసిన కొంగుతో, కాలికి అంటిన బురదతో ఫెర్మీనా కాలవ గట్టున నిలబడిపోయింది. నడిపించేది ఒకటే మాట. ముందు ఓ చిన్న తునక తగిలిస్తే చాలు, అదే మేక, అదే తాడు, దారి మాత్రం వేరు. ఆహారం, విహారం, సంహారం ఒక్క తల్లి బిడ్డలే అని మన పంతుళ్ళు చెప్పినప్పుడు మనకు నోరు తెరుచుకోలేదూ, అట్లాగే తెరుచుకుంది ఆవిడకు.

అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం గిన్నెలు బోర్లించాక చదువు. ఇల్దెగార్ద పుస్తకం తేలేదు. ముందు తునకలు నేర్పింది: ఇది పైకి, ఇది కిందికి, ఇది కలిసి, ఇది ఎదురుగా, ఇది అడుగునుంచి. తర్వాత ఒక్కో వేరు ఇచ్చి, తునకలు తగిలించి చూపమనేది. ఫెర్మీనాకు అవి ఎక్కడ పడితే అక్కడ కనిపించసాగాయి. పుట్టినప్పట్నుంచీ తన నోట్లో నానిన మాటలే తలుపులు తెరిచి లోపలికి రమ్మంటున్నాయి. తన ఊళ్ళో స్నేహితురాలిని 'కొంపాన్యా' అంటారు. కలిసి అనే తునకా, రొట్టె అనే మాటా అందులో పక్కపక్కన కూర్చుని ఉన్నాయి. కలిసి రొట్టె తినేది అని. ఆ రోజు పిండి పిసుకుతూ పిసుకుతూ ఆగిపోయింది. ఈ చేతులతో ఎన్ని వేల రొట్టెలు కాల్చిందో. ఆ మాటలోనే రొట్టె ఉందని ఏ ఒక్కరూ చెప్పలేదు.

'రికొర్దారె' అంటే గుర్తు చేసుకోవడం, ఇటలీలో రోజుకు పదిసార్లు అనని వాళ్ళుండరు. అందులో వెనక్కి అనే తునక ఉంది, గుండె ఉంది. మళ్ళీ గుండెలోకి తెచ్చుకోవడం. ఆ మాట విప్పినప్పుడు ఫెర్మీనా పోయిన తల్లిని తలచుకుని, గరిటె పక్కనపెట్టి, పప్పు మాడుతున్నా లేవలేదు.

"ఎవరు చేసారమ్మా ఇవన్నీ? ఇంత తెలివి ఎవరిది?" అంది.

"ఎవరిదీ కాదు. నీలాంటి వాళ్ళదే. మేకల్ని తోలుకునేవాళ్ళూ, రొట్టె కాల్చుకునేవాళ్ళూ మాట్లాడి మాట్లాడి చేశారు," అంది ఇల్దెగార్ద.

చూపుల వేరు వచ్చిన రోజు మాత్రం ఇద్దరికీ చురుక్కుమంది. చూడటానికి ముందు కిందికి అనే తునక పెడితే చులకనగా చూడటం. అడుగునుంచి అనేది పెడితే తలెత్తి చూడటం, అందులో గౌరవమూ ఉంది, అనుమానమూ ఉంది.

"మా చూపు ఈ రెండోదేలెండి మదర్‌గారూ," అంది ఫెర్మీనా చిక్కుళ్ళు వలుస్తూ. "మీ చూపు మొదటిది."

ఇల్దెగార్ద ముఖం ఎర్రబడింది. కాని లేచిపోలేదు. ఒక చిక్కుడుకాయ తీసుకుని వలవడం మొదలుపెట్టింది. ఆ చేతులకు అలవాటు లేని పని, గింజ ఎగిరి బొగ్గుల్లో పడింది.

ఆగస్టు పోయాక పాట మొదలైంది. రోజుకు ఒక్క మాట ఇచ్చి వెళ్ళిపోయేది ఇల్దెగార్ద. ఎదూక్సిత్, మేక పుణ్యాన ఇట్టే విడిపోయింది. అందర్నీ బయటికి నడిపించింది. మండుతున్న ఇంట్లోంచి వాల్దెరాద సోదరీమణుల్ని బయటపడేస్తోంది. మర్నాడు రెస్పెక్సిత్. వెనక్కి, చూసింది. అందరూ బయటికి వచ్చాక ఆమె ఒక్కతే వెనక్కి తిరిగి చూసింది. ఫెర్మీనా ఆ రోజంతా వెనక ఎవరో ఉన్నట్టు తిరిగి తిరిగి చూస్తూనే ఉంది. తర్వాత దేఎరాత్. ఉంది అనే మాట ముందు కిందికి లాగే తునక. ఉండాల్సినది లేదు. ఒకరు తక్కువ.

"ఎవరమ్మా తక్కువ?"

"రేపు," అంది ఇల్దెగార్ద.

ఆ రేపు వచ్చిన మాట ఫొకారియా. ఫెర్మీనాకు అది కొత్త కాదు. ఏటా కిటికీలోంచి వినపడేదే, గొంతులు కిందికి దిగేది ఆ మాట దగ్గరే. ఇటాలియన్‌లో నిప్పును ఫువోకో అంటారు కాబట్టి అందులో అగ్గి ఉందని ఎవరైనా పోల్చుకుంటారు. మంటల పాటే కదా, మంట గురించి ఏదో అనుకుంటూ వచ్చింది ఇన్నేళ్ళూ.

"ఫోకుస్ అంటే లాటిన్‌లో ఉత్త నిప్పు కాదు, పొయ్యి," అంది ఇల్దెగార్ద. ఇంకేమీ చెప్పకుండా పీట మీద కూర్చుంది.

"వెనకున్న తోకేంది?"

"నీకు తెలుసు. మన తలుపు చూసే బెర్తిల్లాను లాటిన్‌లో ఏమంటాం?"

"ఓస్తియారియా."

"రోగుల్ని చూసుకునే కొర్నేలియాను?"

"ఇన్ఫిర్మారియా." తలుపు దగ్గరి మనిషి. రోగుల దగ్గరి మనిషి. ఫెర్మీనా చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది. పొయ్యి మీద పెసలు ఉడుకుతున్నాయి, బుగ్గలకు సెగ తగులుతోంది. "పొయ్యి దగ్గరి మనిషి," అంది. మళ్ళీ అంది. "వంటామె. అందరూ బయటికొచ్చారు, తిరిగి చూసింది, వంటామె లేదు."

ఇల్దెగార్ద తలాడించింది.

"గుళ్ళో బొమ్మలో నల్లముసుగు ఉందే. వాల్దెరాద ఎత్తుకున్న మనిషికి?"

"అది తర్వాతెప్పుడో గీసిన బొమ్మ. గీసినవాడికి లాటిన్ రాదో, వచ్చినా వంటామెను గియ్యడం నామోషీ అనుకున్నాడో."

"మరి మీకొచ్చు కదమ్మా."

"వచ్చు," అంది ఇల్దెగార్ద. "నోరు తిరిగినప్పట్నుంచీ పాడాను. అర్థం అడిగితే చెప్పేదాన్ని. కానీ పాడుతూ ఒక్కసారి కూడా ఈ వంటింటి వైపు ఆలోచన పోలేదు. నాకు సిగ్గుగా ఉంది, ఫెర్మీనా."

ఫెర్మీనాకు కోపం వచ్చింది. ఆవిడ మనసులో దాచుకునే మనిషి కాదు, "నాకు చాలా కోపంగా ఉంది మదర్‌గారూ," అని చెప్పేసింది. చెప్పి, ఒక గిన్నెడు పెసలూ, పైన కాస్త ఆలివ్ నూనే వేసి ఆమె ముందు పెట్టింది. కోపం వేరు, ఆకలి వేరు.

మిగిలినవి తరవాతి రోజుల్లో విడిపోయాయి. తులిత్ అంటే మోసింది. అడుగునుంచి అనే తునక పెడితే కిందికి చేతులు పోనిచ్చి పైకెత్తింది. బయటికి అనేది పెడితే మోసుకుంటూ బయటికి వచ్చింది. దానికి ముందు రెదీయిత్. ఈయిత్ అంటే వెళ్ళింది. వెనక్కి వెళ్ళింది.

చిట్టచివరి మాట ఇవ్వడానికి ఇల్దెగార్ద ఆమెను సమాధుల దొడ్లోకి తీసుకెళ్ళింది. అక్కడ ప్రతి రాతి మీదా ఒకే మాట చెక్కి ఉంది, ఓబీయిత్. ఫెర్మీనా ఎన్నోసార్లు ఆ రాళ్ళు కడిగింది. చనిపోయింది అని దానర్థమని అందరికీ తెలిసినట్టే తెలుసు.

"విప్పు," అంది ఇల్దెగార్ద.

చివర ఉన్నది ఈయిత్. వెళ్ళింది. నిన్న వెనక్కి వెళ్ళిన మాటే. ముందున్నది ఎదురుగా అనే తునక. ఎదురు వెళ్ళింది. ఇంటికొచ్చే చుట్టానికి గుమ్మం దాటి ఎదురెళ్ళినట్టు. ఫెర్మీనా ఒళ్ళు గగుర్పొడిచింది. ఇంతమందీ, ఈ రాళ్ళ కింద ఉన్నవాళ్ళంతా, చచ్చిపోలేదు, ఎదురు వెళ్ళారు. ఇంతకాలం ఈ మాట మీద చీపురు పెట్టి నాచు గీకింది తను. ఆవిడ మెల్లగా మోకాళ్ళ మీద కూర్చుని, రాతిలో చెక్కిన మొదటి రెండక్షరాల మీద వేలు పెట్టింది. తర్వాత మిగిలినవాటి మీద. అంత చిన్న తునక. వెనక్కి వెళ్ళడానికీ ఎదురు వెళ్ళడానికీ మధ్య ఉన్నది అదొక్కటే, వాల్దెరాద ఆ రెండూ ఒకే సాయంత్రం చేసింది, ఒక వంటామె కోసం.

"దండం పెట్టాలనిపిస్తోందమ్మా," అంది.

"నాకూ," అంది ఇల్దెగార్ద. ఇద్దరూ అక్కడే ఉండిపోయారు. సాయంత్రం గంటకు ఆ రోజు ఇద్దరూ ఆలస్యం.

ఇంత తెలిశాక ఫెర్మీనా కడుపులో ఆగుతుందా? ఆ రాత్రి భోజనాలయ్యాక అఞ్ఞేసెను పట్టుకుని పనిచేసే చెవిలో మొత్తం చెప్పింది. అఞ్ఞేసె ఓపిగ్గా విని పెదవి విరిచింది.

"అంతా నువ్వు అల్లుకున్నావు. వంటామె కోసం ఏ మహాతల్లన్నా మంటల్లోకి దూకుద్దా? బొమ్మలో నల్లముసుగు నా కళ్ళతో నేను చూశా."

"పాటలోనే ఉందక్కా."

"ఆ పాట నాకేమన్నా తెలుసా, నీకేమన్నా తెలుసా? నాలుగు నెలలు మేకను తిప్పి పండితురాలివైపోయావు. పోవే."

బట్టలుతికే ఇద్దరూ కూడా అట్లాగే నవ్వేశారు. ఫెర్మీనాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

గింజలు వేసే రోజు వచ్చింది. తెల్లది వేస్తే లాటిన్ ఉంటుంది, నల్లది వేస్తే పోతుంది. ఇల్దెగార్ద మామూలుగా తల వంచుకునే ఉంది గాని, ఫెర్మీనా సంచిలో చెయ్యి పెట్టినప్పుడు మాత్రం కళ్ళు మూసుకుంది. లెక్క చూస్తే నల్లవే ఎక్కువ. సందేహమే లేనంత ఎక్కువ.

ఇల్దెగార్ద గుడిలోంచి తిన్నగా వంటింటికి వచ్చి పీట మీద కూలబడింది. ఓటు గుట్టుగా వేసేది, అడక్కూడదు. ఆమె అడగలేదు. ఫెర్మీనాయే చెప్పింది.

"నాది నల్లదేనమ్మా."

పెద్దావిడ తలెత్తి చూసింది. "నీకు నచ్చలేదా?"

"నా జన్మలో అంత నచ్చింది ఇంకోటి లేదు. ఆ మాటల్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తది. కానీ మా అఞ్ఞేసెక్క ఎప్పుడు నేర్చుకోవాలి, ఎప్పుడు విప్పుకోవాలి? నే చెబితే నమ్మటంలా. నల్లముసుగులు నోరు తెరిచి పాడితే నమ్ముతది. ఆమె పోయేలోగా వినాలి, మనకోసం కూడా తిరిగొచ్చారని. నన్ను తిట్టండి, ఫర్వాలేదు."

ఇల్దెగార్ద తిట్టలేదు. ఏడ్చింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని, "నా లాటిన్‌ను నేనే ఒక వంటామెకు నేర్పి చంపుకున్నాను," అంది. అంటూనే చిన్నగా నవ్వింది కూడా. ఆ నవ్వు నవ్వడానికి ఆమెకు ఎంత కష్టమైందో ఫెర్మీనాకు తెలుసు.

పాటను ఇటాలియన్‌లోకి తెచ్చే పని మఠాధిపతి ఇల్దెగార్దకే అప్పగించింది. ఆమె అన్నిటికీ మాటలు దొరకబుచ్చుకుంది గాని, ఒక్కచోట ఆగి వంటింటికి వచ్చింది. "పైకెత్తింది అని రాస్తే సరిపోవట్లేదు. నువ్వైతే ఏమంటావు?" ఫెర్మీనా పిండి పళ్ళెం కిందికి రెండు చేతులూ పోనిచ్చి ఎత్తి చూపించి, పల్లెటూళ్ళో దానికి ఏమంటారో చెప్పింది. ఇల్దెగార్ద ఆ మాటే రాసుకుంది.

నవంబరులో పండుగ వచ్చింది. కొండల మీద అప్పుడే మంచు. తెల్లముసుగులు మొదటిసారి గుడి వరసల్లో, వెనకవైపు, బల్లల అంచున బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. అఞ్ఞేసె వినపడే చెవిని పాటవైపు తిప్పుకుని కూర్చుంది. రాగం పాతదే. ఇల్దెగార్ద గొంతు ముందు లేచింది. ఇల్లు మండుతోంది, అందర్నీ బయటికి నడిపించింది, వెనక్కి తిరిగి చూసింది. ఆ పైన గొంతులన్నీ కిందికి దిగాయి, ఎప్పటిలాగే, మెల్లగా, ఒక్కో మాటా విడిగా: ఒకరు తక్కువ, మన వంటావిడ.

"ఆగండాగండి," అంది అఞ్ఞేసె.

గుడి మొత్తం వినపడింది. పాట నడుమ ఆగింది. ఆ మఠం పుట్టాక పాట మధ్యలో ఒక మనిషి మాట్లాడటం అదే మొదలు. ముందు వరసల్లో ఎవరూ కదల్లేదు. మఠాధిపతి చెయ్యి ఎత్తబోయి దించేసింది. అఞ్ఞేసె లేచి నిలబడి, బల్ల పట్టుకుని, నల్లముసుగులన్నిటినీ ఒక్కొక్కటిగా చూసింది.

"ఎవరు తక్కువన్నారు? వంటావిడా?"

"అవును సిస్టర్," అంది ఇల్దెగార్ద తన చోటు నుంచే. "వంటావిడే."

"తిరిగెళ్ళిందా మరి? ఆమె కోసం?"

"వినండి. వచ్చే మాట అదే."

అఞ్ఞేసె కూర్చోలేదు. ఫెర్మీనా చెయ్యి గట్టిగా పట్టుకుని, నిలబడే ఉంది. "ఊఁ," అంది, "పాడండి మరి."